గట్ బ్యాక్టీరియా ట్రీట్‌మెంట్‌తో షుగర్, గుండె మాత్రలు తగ్గించొచ్చు అంటున్నారు, నాన్నకు చేయించాలా?

కదిరి_కుర్రోడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటాను. నాన్న రిటైరయ్యాక కదిరిలో ఇల్లు అద్దెకిచ్చి అమ్మతో పాటు మా దగ్గరికే వచ్చేశారు. వయసు 66. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. మొన్న దసరా ముందు ఛాతీలో నొప్పి అంటే ఆంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. అప్పట్నుంచి షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర... వారానికి సరిపోయే మాత్రల డబ్బాలో గళ్లు చాలట్లేదు. ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద పేపరు పరుచుకుని ఒక్కో స్ట్రిప్ కత్తెరతో కత్తిరించి సర్దుకుంటూ "అన్నం కంటే ఇవే ఎక్కువ తింటన్నా కదరా" అంటారు.

ఇప్పుడు విషయం ఏంటంటే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకు చూసి నాన్న నాకు చెప్పకుండానే ఒక వెల్‌నెస్ క్లినిక్‌కి ఫోన్ చేశారు (పేరు రాయను, ఇక్కడిదే). వాళ్లు ఇంటికి కిట్ పంపారు, చిన్న డబ్బాలో మలం శాంపిల్ పెట్టి కొరియర్‌లో తిరిగి పంపాలి. నాలుగు వారాలకి రంగురంగుల రిపోర్టు వచ్చింది. "గట్ స్కోర్ 38/100" అని మొదటి పేజీలోనే ఎర్రటి మీటర్ బొమ్మ. గట్ అంటే పేగులట, అందులో ఉండే అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా చాలా తక్కువ అని, ఎషరీషియా అనేది ఎక్కువ అని, ఫర్మిక్యూట్స్–బాక్టీరాయిడెటీస్ అనే రెండు పెద్ద బ్యాక్టీరియా గుంపుల నిష్పత్తి బాగాలేదని ఎర్ర రంగులో ఉంది. గుండెకి మంచిది కాదనే టీఎంఏఓ అనే పదార్థం రిస్క్ హై అట. దీనికి మూడు నెలల క్యాప్సూల్స్, డైట్ చార్ట్, కోచ్ అన్నీ కలిపి 48 వేలు. టెస్టుకి 9 వేలు ఆల్రెడీ కట్టేశారు.

డబ్బు సంగతి కంటే నాకు టెన్షన్ పెట్టిన మాట ఇంకోటుంది. మొదటి నెల తర్వాత మెట్‌ఫార్మిన్ సగం చేద్దాం, ఆర్నెల్లకి గుండె మాత్రలు కూడా ఒక్కోటి మానేయొచ్చు అన్నారట కోచ్. నాన్న ముఖంలో వెలుగు చూస్తే వద్దు అనడానికి నోరు రావట్లేదు. ఇదంతా సైన్సేనా, ఉత్తదేనా? ఎవరైనా వాడారా? మలమార్పిడి అని కూడా ఏదో ఉందంటున్నారు, అది షుగర్‌కి చేస్తారా?


చిత్తూరోడు_బీటీఎం:

48 వేలకి స్కూటీ సెకండ్ హ్యాండ్‌లో మంచిది వస్తుంది బ్రో. జోకులు పక్కన పెడితే, మాత్రలు మానేయమని చెప్పింది డాక్టరా, కోచా? ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న మనిషి సంతకం పెట్టి కాగితం మీద రాసిస్తాడేమో అడగండి. అక్కడితో సగం కథ తేలిపోతుంది.


ల్యాబ్‌కోటు:

నేను డాక్టర్‌ని కాదు. ఇక్కడే ఒక ల్యాబ్‌లో బ్యాక్టీరియా డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా మీద పని చేస్తాను, కాబట్టి సైన్స్ వరకు నాకు తెలిసింది చెప్తా.

దానికన్నా ముందు ఒకటి. స్టెంట్ వేసి ఏడాది కూడా కాని మనిషి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ హార్ట్ అటాక్ రావచ్చు, అదీ మామూలుగా వచ్చేదాని కన్నా ప్రమాదకరంగా. ఏది ఎప్పుడు ఆపాలో స్టెంట్ వేసిన కార్డియాలజిస్ట్ చెప్పాలి. గట్ క్లినిక్ వాళ్లు చెప్పే విషయమే కాదది. మిగతా పోస్టు చదవకపోయినా ఈ ముక్క మాత్రం ఈ రాత్రికే నాన్నగారికి చెప్పండి.

ఇప్పుడు రిపోర్టు. ఎషరీషియా ఎర్రగా ఉందన్నారు కదా. నాన్నగారు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని శాంపిల్ పంపేటప్పుడు ఫారంలో ఎక్కడైనా అడిగారా? ఎందుకంటే ఈ రంగంలో అందరూ ఒకసారి దెబ్బ తిన్నది ఇక్కడే. 2012లో చైనా వాళ్లు, 2013లో స్వీడన్ వాళ్లు షుగర్ ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియా వేరేగా ఉందని పేపర్లు వేశారు. రెండు చోట్లా తేలిన బ్యాక్టీరియా పేర్లు కలవలేదు. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో స్టడీ డెన్మార్క్, స్వీడన్, చైనా డేటా కలిపి చూస్తే, షుగర్ జబ్బు గుర్తు అనుకున్నదాంట్లో చాలా భాగం మెట్‌ఫార్మిన్ గుర్తని తేలింది. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో ఎషరీషియా పెరుగుతుంది, ఇంటెస్టినీబాక్టర్ అనేది తగ్గుతుంది. అంటే మీ రిపోర్టులో ఆ ఎర్ర గీత జబ్బు వల్ల కాకుండా నాన్నగారు రోజూ వేసుకునే మాత్ర వల్ల వచ్చి ఉండొచ్చు.

దీని తర్వాతిది ఇంకా బాగుంటుంది. 2017లో కొత్తగా షుగర్ బయటపడ్డ కొందరికి నాలుగు నెలలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, మాత్ర మొదలుపెట్టక ముందు, తర్వాత వాళ్ల మలం తీసి, పేగుల్లో ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కించారు. మెట్‌ఫార్మిన్ తర్వాత తీసినది ఎక్కిన ఎలుకలు గ్లూకోజ్‌ని మెరుగ్గా తట్టుకున్నాయి. రక్తంలోకి పెద్దగా వెళ్లకుండా పేగు కింది భాగంలో కరిగేలా చేసిన మెట్‌ఫార్మిన్ కూడా షుగర్ తగ్గించిందని వేరే ట్రయల్స్‌లో చూశారు. అంటే ఆ మాత్ర పనిలో కొంత భాగం పేగుల్లోనే జరుగుతోంది. మీ నాన్నగారు ఇన్నేళ్లుగా తింటున్న ఆ చవక బిళ్లే గట్ ట్రీట్‌మెంట్, పైగా గట్టిగా పరీక్షకి నిలబడిన వాటిలో అదే ముందుంటుంది. దాన్ని సగం చేసి గట్ బాగు చేస్తాం అంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

అక్కర్‌మాన్సియా సంగతి. ఇది పేగు గోడ మీద ఉండే జిగురు పొరని తిని బతుకుతుంది, 2004లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో మొదట వేరు చేశారు. బెల్జియంలో పాట్రిస్ కానీ బృందం 2019లో మనుషుల మీద చేసిన ట్రయల్ మంచిదే. బరువు ఎక్కువ ఉండి ఇన్సులిన్ సరిగ్గా పని చేయని 32 మంది మూడు నెలలు పూర్తి చేశారు. వేడి చేసి చంపిన బ్యాక్టీరియా ఇచ్చినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, కొలెస్ట్రాల్ కొంచెం తగ్గింది. బతికున్న దానికన్నా చచ్చినదే బాగా పని చేసింది, సరదాగా లేదూ? కానీ 32 మందిని మూడు గ్రూపులు చేస్తే ఒక్కో గ్రూపులో ఎంతమంది మిగులుతారో లెక్కేసుకోండి. యూరప్‌లో 2021లో ఆహార భద్రత సంస్థ ఆ వేడి చేసి చంపినదాన్ని పెద్దవాళ్లు తినడానికి సురక్షితం అంది. తింటే ప్రమాదం లేదన్నారే గానీ షుగర్ తగ్గుతుందని వాళ్లెక్కడా అనలేదు. అమ్మేవాళ్లు మాత్రం ఈ రెండూ కలిపేసి చెప్తారు.

మలమార్పిడి. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని రోగి పేగుల్లోకి ఎక్కించడం. ఇది నిజంగా పనికొచ్చే జబ్బు ఒకటుంది. క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో మళ్లీ మళ్లీ వచ్చే విరేచనాలకి బ్రహ్మాండంగా పని చేస్తుంది. అమెరికాలో 2022లో ఒకటి, 2023లో ఒకటి దాని కోసం మందులుగా ఆమోదం పొందాయి. షుగర్‌కి మాత్రం కథ వేరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నగా ఉన్నవాళ్ల మలాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగర్, కొవ్వు కలిసి పెరగడం) ఉన్న మగవాళ్లకి ఎక్కిస్తే ఆరు వారాలకి ఇన్సులిన్ పనితీరు పెరిగింది. 2017లో అదే గ్రూపు 38 మంది మీద చేసిన స్టడీలో 18 వారాలకి చూస్తే ఆ లాభం పోయింది, పాత బ్యాక్టీరియా మళ్లీ వచ్చి కూర్చుంది. పైగా 2019లో అమెరికాలో మందులకి లొంగని ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉన్న మలం ఎక్కించడంతో ఒకరు చనిపోయారు, అప్పట్నుంచి దాతల పరీక్షలు కఠినం చేశారు. షుగర్ కోసం దాని జోలికి వెళ్లొద్దు.

టీఎంఏఓ గురించి రేపు రాస్తా, ఇప్పుడు టైమ్ అయిపోయింది.


సర్జాపూర్_సుబ్బు:

మీరంతా చదివి చెప్తున్నారు, నేను వాడి చెప్తున్నా. నాకు 44 ఏళ్లు, షుగర్ వచ్చి మూడేళ్లు. ఇలాంటిదే వేరే కంపెనీ క్యాప్సూల్స్ మూడు నెలలు వాడాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.9 నుంచి 6.8కి వచ్చింది. కడుపు ఉబ్బరం పోయింది, పొద్దున్నే ఫ్రీగా మోషన్. డబ్బు ఎక్కువే, కాదనను. కానీ హార్ట్ ఆపరేషన్ అయితే లక్షలు పెడతాం, జబ్బు రాకముందు 40 వేలు పెట్టడానికి మాత్రం మనకి ఏడుపు. ఇంగ్లిష్ మందులు జీవితాంతం తినమంటే ఎవరూ నోరెత్తరు, వీటి మీదే అందరికీ డౌట్లు.


ల్యాబ్‌కోటు:

సుబ్బుగారూ, తగ్గినందుకు సంతోషం, నిజంగానే. రెండు ప్రశ్నలు అడుగుతా, ఏమనుకోకండి. ఆ మూడు నెలల్లో వాళ్ల డైట్ చార్ట్ కూడా ఫాలో అయ్యారా? మెట్‌ఫార్మిన్ లాంటిది ఏదైనా వేసుకుంటుంటే అది ఆపారా? అడగడానికి కారణం ఉంది. అమెరికాలో ఒక కంపెనీ ఇలాంటి బ్యాక్టీరియా క్యాప్సూల్ మీద తనే ట్రయల్ చేసి 2020లో ప్రచురించింది. 76 మందితో, పన్నెండు వారాలు. భోజనం తర్వాత షుగర్ కొంత తగ్గింది. అందులో అక్కర్‌మాన్సియా ఉంది, పేగుకి మేలు చేసే బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారు చేసేవి ఉన్నాయి, వాటికి మేతగా ఇనులిన్ అనే పీచు ఉంది. బాగానే ఉంది కానీ అది అప్పటిదాకా జరుగుతున్న వైద్యానికి అదనంగా ఇచ్చి చూసినది, మాత్రలు మాన్పించి చూసినది కాదు. కదిరి తమ్ముడి క్లినిక్ చెప్పేది ఆ రెండోది.

టీఎంఏఓ బాకీ ఉన్నా. ఇది గుండెకి సంబంధించి ఈ రంగంలో అందరికన్నా పేరున్న కథ. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజన్ బృందం 2011లో చెప్పింది. గుడ్డు పచ్చసొనలో, మాంసంలో ఉండే కోలీన్ లాంటి వాటిని పేగు బ్యాక్టీరియా టీఎంఏ అనే వాయువుగా మారుస్తుంది, కాలేయం దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది, అది ఎలుకల రక్తనాళాల్లో కొవ్వు పేరుకునేలా చేసింది. మేక మాంసం, గొర్రె మాంసంలో ఎక్కువగా ఉండే కార్నిటీన్‌తో కూడా అదే దారి అని 2013లో చూపించారు. అదే ఏడాది ఆంజియోగ్రామ్ చేయించుకున్న 4 వేల మందికి పైగా మనుషుల్ని మూడేళ్లు చూస్తే, టీఎంఏఓ అందరికన్నా ఎక్కువ ఉన్న పాతిక శాతం మందిలో హార్ట్ అటాక్, పక్షవాతం, మరణం లాంటివి, తక్కువ ఉన్నవాళ్లకన్నా దాదాపు రెండున్నర రెట్లు కనిపించాయి.

ఇక్కడిదాకా వింటే వెంటనే దాన్ని తగ్గించే మందు మింగాలనిపిస్తుంది. కానీ చేపల్లో టీఎంఏఓ నేరుగానే బోలెడంత ఉంటుంది, చేపలు తినేవాళ్లకి గుండె జబ్బులు ఎక్కువేం లేవు. ఇంకోటి, టీఎంఏఓని బయటికి పంపేది కిడ్నీలు. షుగర్ ఎక్కువ ఏళ్లుగా ఉన్నవాళ్ల కిడ్నీ కాస్త మందగిస్తే చాలు, రక్తంలో టీఎంఏఓ పెరుగుతుంది. అప్పుడు అది గుండె జబ్బుకి కారణమా, కిడ్నీ దెబ్బతింటున్నట్టు గుర్తా అన్నది విడదీయడం కష్టం. బ్యాక్టీరియా ఆ టీఎంఏ తయారు చేయకుండా ఆపే పదార్థాలు ఎలుకల్లో పని చేశాయి. 2015లోనే ఒకటి చూపించారు. మనుషులకి మందుల షాపులో దొరికేది ఇప్పటికీ ఏదీ లేదు.

ముఖ్యంగా, మీ నాన్నగారి టీఎంఏఓ రిస్క్ హై అని రాసింది రక్త పరీక్ష చేసి కాదు కదా? మలంలో ఫలానా జన్యువులు ఉన్న బ్యాక్టీరియా ఉందని లెక్కేసి రాసి ఉంటారు. రక్తంలో కొలవనిదానికి హై ఏంటి, లో ఏంటి. ఆ డబ్బుకి కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ చూపించుకుంటే పనికొచ్చే విషయం తెలుస్తుంది.

స్కోరు సంగతి కూడా. 38 అంటే ఎవరితో పోల్చి? భోపాల్ శాకాహారుల పేగుల్లో ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువ, కేరళలో చేప, మాంసం తినేవాళ్లలో వేరే గుంపులు ఎక్కువ అని మన దేశం వాళ్లే 2019లో చూపించారు. కదిరిలో అరవై ఏళ్లు సంగటి తిన్న మనిషిని యూరప్ డేటాబేస్ పక్కన పెట్టి మార్కులేస్తే ఫెయిలే అవుతాడు. 2024 చివర్లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి లాన్సెట్ వాళ్ల పత్రికలో రాసింది, ఈ టెస్టుల్ని మామూలు వైద్యంలో వాడటానికి ఆధారాలు చాలవని, ఆ ఫర్మిక్యూట్స్–బాక్టీరాయిడెటీస్ నిష్పత్తి అయితే రిపోర్టులో ఇవ్వనే వద్దని.


వైట్‌ఫీల్డ్_పిన్ని:

కదిరి బాబూ, నేను డైటీషియన్‌గా చాలా ఏళ్లు చేశాను, ఇప్పుడు మనవడి వెనక పరిగెత్తడమే ఉద్యోగం. ల్యాబ్‌కోటు గారు అంతా బాగా చెప్పారు గానీ తిండి సంగతి వదిలేశారు. ఈ గట్ వైద్యంలో నేను నమ్మేది అదొక్కటే, నాకు డబ్బులెవరూ ఇవ్వకపోయినా సరే.

చైనాలో షాంఘై వాళ్లు 2018లో సైన్స్ పత్రికలో వేసిన స్టడీ ఉంది. షుగర్ ఉన్న 43 మంది, అందరికీ అకార్బోస్ అనే షుగర్ మాత్ర ఒకటే, ఒక గుంపుకి మాత్రం ముడి ధాన్యాలు, కూరగాయలతో రకరకాల పీచు బాగా ఎక్కువ ఉన్న భోజనం. పన్నెండు వారాలకి హెచ్‌బీఏ1సీ 7 కన్నా కిందికి వచ్చినవాళ్లు పీచు తిన్న గుంపులో 89 శాతం, మామూలు సలహాలు విన్న గుంపులో 50 శాతం. పీచు పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్, ఎసిటేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. వాటి వల్ల పేగు గోడలోని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. ఇప్పుడు అందరూ వెర్రెత్తిపోతున్న ఆ ఖరీదైన ఇంజెక్షన్లు కాపీ కొట్టేది ఆ హార్మోన్‌నే. ఇంజెక్షన్ అంత పవర్ తిండికి ఉండదు, ఆ భ్రమ వద్దు. కానీ తిండి మార్చకుండా క్యాప్సూల్ మింగడం నీళ్లు లేని చేలో నారు నాటినట్టే.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో వేసిన పట్టికలు చూస్తే, వండకముందు 100 గ్రాములకి పీచు ఇలా ఉంటుంది. పాలిష్ బియ్యం 3 గ్రాముల లోపు. జొన్నలు 10, రాగులు 11. పొట్టు పెసలు 17. శనగలు 25. మీ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చూడకుండానే చెప్తా, పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గిన్నెడు సోనా మసూరి, రాత్రి చపాతీ రెండు, పక్కన కూర రెండు స్పూన్లు. మొత్తం కలిపితే పీచు ఏపాటి? 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్షలో రోజుకి 25 నుంచి 29 గ్రాములు తినేవాళ్లలో గుండె జబ్బు చావులు, షుగర్ రావడం, రెండూ తక్కువని తేలింది.

నాన్నగారు కదిరి వాళ్లు కాబట్టి సంగటి తింటారు కదా అంటారేమో. అందులో బియ్యం ఎంత వేస్తారో అమ్మగారిని అడుగు. బియ్యం సగం వేసి, పిండి మెత్తగా పట్టించి, వేడి ముద్ద మూడు మింగితే షుగర్ దౌడు తీస్తుంది. ముద్ద చిన్నదవ్వాలి, పక్కన ఉలవలో అలసందలో గోరుచిక్కుడో పెద్దదవ్వాలి. చద్దన్నం గురించి యూట్యూబ్‌లో ఊదరగొడుతున్నారు. అన్నం వండి చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే అరగని పిండిపదార్థం పెరిగే మాట నిజమే, 100 గ్రాముల్లో ముప్పావు గ్రాము లోపు ఉండేది ఒకటిన్నర గ్రాముకి వస్తుంది. రెట్టింపు అని చెప్తే గొప్పగా ఉంటుంది, కానీ మిగతా అన్నం అన్నమే కదా నాయనా. ఇడ్లీ పిండిలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, ఆవిరికి చచ్చిపోతుంది. పెరుగు తినమను, మంచిదే, ఆ బ్యాక్టీరియా పేగుల్లో కాపురం పెట్టదు, చూసి పోతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నారన్నావు. అన్నం ఒక్కసారిగా తగ్గించేస్తే ఆ మాత్రకి షుగర్ డౌన్ అయి చెమటలు పడతాయి, పడిపోతారు. డాక్టర్‌కి ముందే చెప్పి మోతాదు చూడమనాలి. పీచు మెల్లగా పెంచండి, లేకపోతే గ్యాస్‌తో ఇల్లంతా సంగీతమే. ఇసబ్గోల్ ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) కొంచెం తగ్గిస్తుంది, కానీ దాన్ని బ్యాక్టీరియా పెద్దగా పులియబెట్టదు, అది పిత్తాన్ని పట్టుకుపోవడం వల్ల జరిగే పని. నీళ్లు బాగా తాగాలి, మాత్రలకీ దానికీ మధ్య గంటా రెండు గంటలు తేడా ఉంచాలి. కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే పప్పులు పెంచే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంకో మాట. నీ పోస్టు మొత్తంలో నాకు పట్టుకున్నది నాన్నగారు పేపరు పరుచుకుని మాత్రలు కత్తిరించుకోవడం. ఆయనకి బ్యాక్టీరియాతో పనేముంది, అన్ని మాత్రలు చూస్తే ఆయనకి రోగిష్టివాణ్ణి అనిపిస్తోంది, దాని నుంచి బయటపడాలి. అది కార్డియాలజిస్ట్ దగ్గరే అడగొచ్చు. రోసువాస్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిపి ఒకే క్యాప్సూల్‌గా మన దగ్గర దొరుకుతుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కూడా ఒకే బిళ్లలో వస్తాయి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అనీ అడగండి. ఏడు కాస్తా నాలుగు కావచ్చు, ఒక్క మందూ మానకుండా.


కదిరి_కుర్రోడు:

పిన్నీ, ఈ కలిపి దొరికే మాత్రల సంగతి ఇన్ని నెలల్లో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదనుకోండి, ఓపీలో మా నంబర్ వచ్చేసరికి డాక్టర్ ముఖం చూడటమే గొప్ప. మీరు ఇంట్లో ఏం తింటామో చెప్పింది మాత్రం అచ్చంగా అదే, అమ్మకి చదివి వినిపిస్తే "ఈమెకెట్లా తెలుసు" అంటోంది. సంగటిలో బియ్యం సగం కాదు, సగానికి పైనే అట.

ల్యాబ్‌కోటు అన్నా, ఫారం వెతికి చూశా. ఏం మందులు వాడుతున్నారు అనే గడి అసలు లేదు. వెజ్జా నాన్‌వెజ్జా అని ఉంది, నిద్ర ఎన్ని గంటలు అని ఉంది, అంతే. టీఎంఏఓకి రక్తం తీయలేదు.

రెండు డౌట్లు మిగిలాయి. క్యాప్సూల్స్ వద్దనుకున్నా, మెడికల్ షాపులో దొరికే ప్రోబయోటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా) సాచెట్లు నాన్న వేసుకోవచ్చా? మొన్న క్లినిక్ వాళ్లు అడ్వాన్స్ అని ఇంకో 5 వేలు లింకు పంపి కట్టించుకున్నారట. అది వెనక్కి వస్తుందా?


మందుల_మూర్తి_టీనగర్:

చెన్నైలో ఫార్మసీ మాది, పక్క రాష్ట్రం నుంచి చెప్తున్నా. సాచెట్లలో చాలావరకు విరేచనాలకీ, యాంటీబయాటిక్ వాడినప్పుడు కడుపు పాడవకుండా ఉండటానికీ రాస్తారు. షుగర్‌కి అని మా దగ్గరికి చీటీ వచ్చింది లేదు. గుండెలో వాల్వ్ మార్చినవాళ్లు, క్యాన్సర్ మందులు లేదా ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా బతికున్న బ్యాక్టీరియా తినకూడదు. అరుదే గానీ లాక్టోబాసిల్లస్ రక్తంలోకి వెళ్లి గుండె వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ తెచ్చిన కేసులున్నాయి. మీ నాన్నగారిది స్టెంటే కాబట్టి ఆ భయం అంతగా లేదు, అయినా ఒక మాట అడిగి వాడండి. కొనేటప్పుడు జాతి పేరుతో పాటు స్ట్రెయిన్ (ఆ జాతిలో ఏ రకమో) నంబర్ రాసి ఉందా, ఎన్ని కోట్ల బ్యాక్టీరియా ఉందో రాశారా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఫ్రిజ్‌లో పెట్టమన్నారా చూడండి. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో రెండు రోజులు తిరిగొచ్చిన డబ్బాలో ఎన్ని బతికుంటాయో మీరే ఆలోచించండి.

డబ్బు సంగతి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం కొన్ని జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ జాబితాలో షుగర్ ఉంది, గుండె జబ్బులూ ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఆ లింకు, బ్రోచరు, కోచ్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముందు వాళ్లకే మెయిల్ రాయండి, ఫోన్‌లో మాట్లాడకండి, ఏదైనా రాతలో ఉండాలి. టెస్ట్ చేసేశారు కాబట్టి ఆ 9 వేలు కష్టం. మొదలే పెట్టని ప్యాకేజీకి తీసుకున్న 5 వేలు అడగడంలో తప్పేం లేదు. ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.


కదిరి_కుర్రోడు:

థాంక్యూ అన్నా. మెయిల్ ఇప్పుడే కొట్టా. శనివారం కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా, పిన్ని చెప్పిన మూడూ చీటీ మీద రాసుకుని వెళ్తా, క్రియాటినిన్ కూడా చేయిస్తా. నాన్నకి మెట్‌ఫార్మిన్ పేగుల్లో కూడా పని చేస్తుందంట అని ల్యాబ్‌కోటు అన్న పోస్టు చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి ఈ ముక్క ఆ క్లినిక్ పిల్లోడికి తెలీదా" అన్నారు. ఫోన్ చేసి వాడినే అడుగుతారట, ఆపడం నా వల్ల కాలేదు.


సర్జాపూర్_సుబ్బు:

ల్యాబ్‌కోటు గారు అడిగినదానికి జవాబు ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నా. డైట్ చార్ట్ గట్టిగానే ఫాలో అయ్యాను, రాత్రి అన్నం పూర్తిగా మానేశా, మా ఆవిడతో కలిసి అగర చెరువు చుట్టూ నడక కూడా అప్పుడే మొదలైంది. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, ఆపమని మా వాళ్లు చెప్పలేదు కూడా. క్యాప్సూల్ వల్ల కొంతైనా తగ్గిందనే ఇప్పటికీ నా నమ్మకం, డబ్బా అయిపోయింది కాబట్టి వచ్చే నెల టెస్ట్‌లో తెలుస్తుంది, వచ్చి ఇక్కడే పెడతా. స్టెంట్ ఉన్న మనిషిని గుండె మాత్రలు మానమనడం మాత్రం నేనూ ఒప్పుకోను.